ముప్పై ఏడో గంప

సువార్తమ్మ మొదటి గెలుపు ముప్పై ఏడు గంపల కంకర. 1978 ఫిబ్రవరిలో ధర్మసాగర్ అవతల వేసిన ఒక బోరులో, పైపు చుట్టూ పొయ్యడానికి ఇరవై నాలుగు గంపలు చాలని ఆఫీసు కాగితం చెప్పింది. ముప్పై ఏడు పడతాయని మా మేనకోడలు సువార్తమ్మ చెప్పింది. అప్పటి ఇంజనీరు నవ్వాడు, మేస్త్రీ నవ్వాడు, తోటి కూలీలు కూడా నవ్వారు. మూడో రోజున ముప్పై ఏడో గంప వంచితే అడుగున పావు వంతు కంకర మిగిలింది. అంత లెక్క అది. నవ్విన వాళ్లలో ఒక్కడు కూడా నోరు తెరిచి నువ్వు చెప్పిందే నిజమమ్మా అనలేదు.

ఇప్పుడు నేను కలం పట్టడానికి కారణం వేరే ఉంది. పది రోజుల కింద ఆ ఆఫీసువాళ్లు ఒక చిన్న పుస్తకం అచ్చు వేశారు. అందులో ఇంజనీరు రాజేశ్వర్ రావు ఫోటో ఉంది. ఆయన 'ఉప్పు పరీక్ష'తో చెడిపోయిన బోర్లను కనిపెట్టాడని రాసి ఉంది. సువార్తమ్మ పేరు కోసం ఈ అట్ట నుంచి ఆ అట్ట దాకా మూడుసార్లు వెతికాను. లేదు. అడిగితే, 'సిబ్బంది సహకారంతో' అని ఒక ముక్క ఉంది కదా, ఆమె అందులో ఉన్నట్టేనని గుమాస్తా చెప్పాడు. నాకు అరవై ఎనిమిదేళ్లు. ఇంత కోపం నాకు పెళ్లిలో కూడా రాలేదు. ఆ పరీక్ష ఏమిటో, చేసింది ఎవరో, దానికి ఎవరి కడుపు మాడిందో నేను చెప్తాను.

నా పేరు యోసేపు. మా ఊరి మిషన్ బడిలో ఐదో తరగతి చదివాను. కాజీపేట రైల్వే గ్యాంగులో ముప్పై ఒక్క ఏళ్లు చేసి, పట్టాలు నడిచి చూసే కీమన్‌గా దిగిపోయాను. నా కింద ఉన్న నాలుగు మైళ్ల పట్టాల మీద ముప్పై ఒక్క ఏళ్లలో ఒక్క బండి కూడా పట్టా తప్పలేదు. గొప్పకు చెప్పడం లేదు; గొప్పే కాబట్టి చెప్తున్నాను. సువార్తమ్మ మా అక్క కూతురు. తల్లి పోయాక మా క్వార్టర్‌లోనే పెరిగింది. మూడో తరగతితో బడి మానేసింది. నాకు సద్ది తెచ్చి, పట్టాల పక్కన కూర్చుని, కంకర పెట్టెలు కొలుస్తుంటే చూసేది. కుప్ప చూసి ఎన్ని పెట్టెలో చెప్పమని నేను అడిగేవాణ్ణి. మొదట తప్పు చెప్పేది. పన్నెండేళ్లు వచ్చేసరికి నేనే తప్పు చెప్పేవాణ్ణి.

పెళ్లయ్యాక వరంగల్లు వచ్చింది. భర్త దానియేలు ధాన్యం మార్కెట్లో హమాలీ. 1974లో ఆమె బోర్ల ఆఫీసులో కూలీకి చేరింది. ఆ బోర్లు తాగే నీళ్లకు వేసినవి కావు. భూమిలో నీళ్లు ఎంత లోతున ఉన్నాయో నెలనెలా టేపు దించి చూసుకోవడానికి వేసినవి. 'చూసే బోర్లు' అంటారు మా వైపు. బోరు జానెడు కన్నా సన్నం. దాని నడుమ నాలుగంగుళాల ప్లాస్టిక్ పైపు దించుతారు. పైపుకూ బోరు గోడకూ మధ్య బొటనవేలంత సందు ఉంటుంది. ఆ సందు పూడ్చడమే పని. కింద శనగగింజంత కంకర పొయ్యాలి, నీళ్లు పైపులోకి రావడానికి. దాని పైన రేగడి మట్టి ముద్దలు వెయ్యాలి. అవి నీళ్లు తాగి ఉబ్బి, పై నీళ్లు కిందికి దిగకుండా బిరడా వేసినట్టు మూసేస్తాయి. ఆ పైన సిమెంటు. ఈ వరస తప్పితే రోడ్డు మీది మురుగు కూడా పైపు పక్క నుంచే దిగిపోతుంది, టేపు అబద్ధం చెప్తుంది.

ఎంత కంకర పడుతుందో కనుక్కోవడానికి ఆఫీసుకు ఒక పట్టిక ఉంది. బోరు తవ్వే పది అడుగుల రాడ్డు ఒక్కటి లోపలికి దిగితే రెండు గంపలు, ఇంకో గంపలో పదికి నాలుగు వంతులు. పది రాడ్లకు ఇరవై నాలుగు గంపలు. భూమి అంతా రూళ్లకర్రతో గీసినట్టు ఉంటే ఆ లెక్క సరే. మన భూమి అట్లా ఉండదు. మొరం పొర ఉన్న చోట బోరు గోడ రాలిపోయి లోపల కుండంత వెడల్పవుతుంది.

సువార్తమ్మ పట్టిక చూడలేదు, బయటికి వచ్చిన మట్టి చూసింది. ఒక్కో రాడ్డు దిగినప్పుడు వచ్చిన రాతిపొడి ఒక్కో కుప్పగా వేయించి, కంకర మోసే గంపతోనే కొలిచింది. రాడ్డుకు ఆరు గంపలు రావాలి. ధర్మసాగర్ బోరులో మూడు రాడ్లకు కలిపి పదిహేడు గంపలు ఎక్కువ వచ్చాయి. తవ్విన మట్టి ఉబ్బుతుంది, నాలుగు గంపలు బయటికొస్తే లోపల మూడే ఖాళీ ఉన్నట్టు. పదిహేడులో పావు వంతు తీసేస్తే పదమూడుకు జర తక్కువ. ఇరవై నాలుగు, పదమూడు: ముప్పై ఏడు. ఇంతే. ఇంజనీర్లు ఆరేళ్ల చదువులో నేర్చుకోని మాట ఇది.

ఆమెకు ఇంకొక పద్ధతి ఉంది. మూరకొక ముడి వేసిన తాడు చివర రాయి కట్టి, ప్రతి ఐదు గంపలకు సందులోకి దించి చూసేది. కంకర అనుకున్నంత పైకి రాకపోతే లోపల తొర్ర ఉన్నట్టు. మరీ పైకి వచ్చేస్తే కంకర నడుమ తట్టుకున్నట్టు. అప్పుడు పైపును చెక్కతో తట్టి ఆ కంకరను కిందికి దింపేది. రేగడి ముద్దలు రేగుపండంత చేసి, నీడలో ఒక రోజు ఆరబెట్టి, పైన గట్టిగా లోపల పదనుగా ఉన్నప్పుడు రెండేసి చొప్పున జారవిడిచేది. పచ్చివి వేస్తే దారిలోనే పైపుకు అంటుకుంటాయి. పూర్తిగా ఎండినవి వేస్తే పగిలిపోతాయి. ఎవరు తొందరపెట్టినా ఆ ఒక్క రోజు నీడ ఆమె వదిలిపెట్టలేదు.

1984 దాకా అరవై మూడు బోర్లు ఆమె చేతి మీదుగా పూడాయి. ఒక్కటి కారలేదు. మా చర్చి సంఘంలో ప్రభుత్వ జీపెక్కి నాలుగు తాలూకాలు తిరిగిన మొదటి ఆడమనిషి ఆమె. డ్రిల్లింగు మేస్త్రీ కొమురెల్లి, మొదట నవ్విన వాళ్లలో ముందున్నవాడు, తరువాత లారీకి కంకర చెప్పే ముందు "సువార్తమ్మా, ఎన్ని గంపలు రాయాలె?" అని అడగకుండా ఉండేవాడు కాడు. అయినా కూలీల హాజరు రాసే మస్టర్ రోల్‌లో ఆమె రోజు కూలీయే.

1984లో రాజేశ్వర్ రావు వచ్చాడు. చిన్నవాడు, ఇస్త్రీ చొక్కా, పట్టిక జేబులో. వచ్చిన వారానికే కుప్పలు కొలవడం మాన్పించాడు. రాతిపొడి వెంటవెంటనే తోసెయ్యాలి, జాగా శుభ్రంగా ఉండాలి. బోరుకు ఇరవై నాలుగు గంపలు, ఒకటి ఎక్కువ కాదు. ఆ ఏడాది ఆయన చేతి కింద పదకొండు బోర్లు పడ్డాయి. అందులో ఒకటి పాలకుర్తి అవతలి పల్లెలో.

ఆ బోరు దగ్గర జరిగింది కొమురెల్లి నాకు చెప్పాడు. ఇరవై నాలుగు గంపలూ అయిపోయాయి. కొలవనివ్వకపోయినా వచ్చిన రాతిపొడిని కంటితోనే లెక్కపెట్టుకున్న సువార్తమ్మ తాడు దించింది. కంకర ఇంకా యాభై అడుగుల కిందనే ఉంది.

"సార్, ఇంక పదిహేడు గంపలు కావాలె. రేపు తెప్పియ్యుండ్రి. అప్పటిదాంక ముద్దలు సుత ఆరుతయి" అంది.

"పదిహేడా? పదహారున్నర కాదూ?" అన్నాడు ఆయన.

"పదహారున్నరైనా అయితది సార్. సున్నా అయితే కాదు."

కూలీలు నవ్వారు. ఆ నవ్వు ఆయనకు గుచ్చుకుంది. "ఇక్కడ ఇంజనీరు నువ్వా, నేనా? వచ్చిన మట్టితోనే పూడ్చండి. భూమిలోంచి వచ్చింది భూమిలోకే పోతుంది" అని, సాయంత్రానికల్లా ఆ సందులోకి రాతిపొడి తోయించాడు. ముద్దలు వెయ్యలేదు. పైన మాత్రం చక్కటి సిమెంటు గద్దె కట్టించి, దాని మీద సంవత్సరం చెక్కించాడు. మిగతా పది బోర్లూ ఇదే తీరు. తట్టెడు రేగడి ముద్దలు చేసి పెట్టుకున్న ఆమె వాటిని జీపులో తిరిగి తెచ్చుకుంది. వాళ్ల ఇంటి చూరు కింద అవి రెండేళ్లు పడి ఉన్నాయి.

ఇప్పుడు ఈ ఏటి, 1987 సంగతి. పోయిన ఏడాది వానలు లేవు. పాలకుర్తి అవతలి పల్లెలో అరవై అడుగుల బావులు కూడా అడుగు తేలాయి. జనవరి నుంచి వారానికి రెండుసార్లు ట్యాంకర్ వచ్చేది. ఆ నీళ్లు పట్టడానికి ఊళ్లో చదునైన జాగా ఎక్కడుంది? ఇంజనీరు కట్టించిన గద్దె. దాని పక్కనే సిమెంటు తొట్టి పెట్టారు. ట్యాంకర్ తొట్టి నింపేది, సగం ఒలికేది, బిందెలు కడిగిన నీళ్లు గద్దె పక్కనే ఇంకేవి. ఎటు ఇంకాయో ఈ పాటికి చదివేవాళ్లకు అర్థమయ్యే ఉంటుంది.

మార్చిలో టేపు దించారు. ఇరవై ఏడు అడుగుల్లో నీళ్లు! రాజేశ్వర్ రావు రిపోర్టు రాశాడు: ఈ గ్రామంలో భూగర్భజలం బాగుంది, ఎద్దడి లేదు. ఏప్రిల్ ఒకటి నుంచి ట్యాంకర్ ఆగింది. ఊరికి రావలసిన తాగునీటి బోరు కూడా ఆగింది. ఊరు ఎండిపోయిందని పంపిన నీళ్లే, ఊరు ఎండలేదని సాక్ష్యం చెప్పాయి.

తరువాతి రీడింగు ఏప్రిల్ పదో తేదీ, శుక్రవారం. దానికి ముందు ఆదివారం ప్రార్థన అయ్యాక సువార్తమ్మ మా ఇంటికి వచ్చి చెప్పులు కూడా విడవకుండా, "మామా, పాలకుర్తి పోదాం, నడువు" అంది. "ఇంత ఎండల ఏం పనే?" అంటే, "మూడేండ్ల కింద నోరు మూసుకొని జీపెక్కిన. గిప్పుడు ఆ ఊరోళ్లు రెండు కోసులు నడిచి నీళ్లు తెచ్చుకుంటాన్రట. నాకు బువ్వ దిగుతలేదు" అంది. ఇద్దరం బస్సెక్కాం.

తొట్టి పక్కన ఇల్లు చిలుకమ్మది. నడివయసు మనిషి, ఊళ్లో ఆమె మాటకు విలువ ఉంది. మమ్మల్ని చూడగానే, "మీరు ఆ ఆఫీసోళ్లేనా? మా ఊళ్లె నీళ్లున్నయని రాసింది మీరేనా? ఏడున్నయో జర సూపియ్యుండ్రి, ముంచుకొని తాగుతం!" అని లేచింది.

"రాసింది నేను గాదక్కా. మూసుడు మాత్రం మావోళ్లే సక్కగ మూయలే" అంది సువార్తమ్మ. కూర్చోబెట్టి అంతా చెప్పింది. కావలసింది కూడా చెప్పింది: శుక్రవారం సారు వచ్చే పొద్దుకు పన్నెండు బిందెల నీళ్లు, ఇరవై సేర్ల కల్లుప్పు.

వాకిట్లో చేరిన ఆడవాళ్లు ఒక్కసారి గయ్యిమన్నారు. "తాగతందుకు లేకుంటే నేలకు పోయమంటవా? అందుల ఉప్పు గూడ కలపాల్నా?"

"పోసినయి పోకుంట ఉంటయా అక్కా, పైపులకే వస్తయి" అంది సువార్తమ్మ.

"రాకపోతే?"

సువార్తమ్మ, "రాకపోతే పన్నెండు బిందెలు నేనే మోసి ఇంటింటికి పోస్త. గా రెండు కోసులు నేనే నడుస్త" అంది. చిలుకమ్మ ఆమెను కింది నుంచి పైదాకా చూసి, "నీ కాళ్లు బక్కగున్నయి బిడ్డా. సరే, నా ఇంట్ల రెండు బిందెలు రాసుకో" అంది. ఒక్కొక్కరే ఒక్కో బిందె ఒప్పుకున్నారు. ఒప్పుకుంటూ తిట్టారు కూడా. ఆ తిట్లు నాకు న్యాయంగానే అనిపించాయి.

శుక్రవారం నేనూ వెళ్లాను, ఎవరో పిలిచారని కాదు. జీపు పదింటికి వచ్చింది. కొమురెల్లి టేపు దించాడు. ముప్పై రెండు అడుగులు.

"చూశారా, ట్యాంకర్ లేకపోయినా నీళ్లున్నాయి" అన్నాడు రాజేశ్వర్ రావు ఊరివాళ్లతో.

సువార్తమ్మ ముందుకొచ్చింది. "సార్, ఐదడుగులు తగ్గినయి. ఆ నీళ్లు భూమియి గావు. పైకెల్లి దిగినయి. పైపు మూతి బిగిస్త, గద్దె పక్క నేల మీదనే ఉప్పునీళ్లు పోస్త. గంటకు టేపు దించుండ్రి, నీళ్లు తీసి నోట్లె వేసుకోండ్రి."

ఆయన మొహం ఎర్రబడింది. "ఉప్పు తగలకపోతే?"

"మీ ఇష్టం సార్."

"నా ఇష్టమైతే రేపటి నుంచి మస్టర్‌లో నీ పేరుండదు. పదమూడేళ్ల సర్వీసని మళ్లీ వచ్చి ఏడవకూడదు."

నేను ఒక అడుగు ముందుకు వేశాను. సువార్తమ్మ నా వైపు చూడకుండానే, "మామా, నువ్వు తొట్టి మీద కూసో" అంది. కూర్చున్నాను. ముప్పై ఒక్క ఏళ్లు పట్టాలు కాపాడిన మనిషిని.

ఆమె పైపు మూతికి గుడ్డ చుట్టి మూత బిగించి, గద్దె చుట్టూ నేల మీద మట్టితో గట్టు కట్టింది. బిందె తరువాత బిందె. ఉప్పు కరిగించిన నీళ్లు నేల మీద పోస్తుంటే ఆడవాళ్లు చుట్టూ నిలబడి చూశారు. ఒకామె మొహం తిప్పుకుంది. రెండు కోసులు మోసిన నీళ్లు అవి. మామూలు నేల అయితే అన్ని నీళ్లు మడుగు కట్టి నిలవాలి. నిలవలేదు. గద్దె అంచున ఒక చోట సుడి తిరిగి, గుటగుటమని లోపలికి పోయాయి. ఆ చప్పుడు అందరికీ వినపడింది.

"తాగుతాంది చూడుండ్రి, దొంగది!" అంది చిలుకమ్మ.

గంట గడిచింది. కొమురెల్లి టేపు దించి, పైకి తీసి, సారుకు చూపించకుండా ముందు సువార్తమ్మకు చూపించాడు. ఇరవై ఐదు. ఏడడుగులు పెరిగాయి. పైపులోంచి చిన్న డబ్బాతో నీళ్లు తీసి గ్లాసులో పోశారు. గ్లాసు రాజేశ్వర్ రావు చేతికిచ్చింది సువార్తమ్మే. ఊరంతా చూస్తుండగా ఆయన ఒక చుక్క నాలుక మీద వేసుకున్నాడు. మొహం ముడుచుకుంది.

"ఎట్లుంది సార్?" అని అడిగింది చిలుకమ్మ. "పప్పుల సరిపోతదా, జర ఎక్కువయిందా?"

ఎవరూ నవ్వు ఆపుకోలేదు, జీపు డ్రైవరుతో సహా. సువార్తమ్మ మాత్రం నవ్వలేదు. "నవ్వకుండ్రి, మీ పన్నెండు బిందెలు పోయినయి" అంది. ఆ రోజు మా బస్సు సాయంత్రం ఆరింటికి. ఆ లోపల ఆమె రెండు కోసుల దూరం వెళ్లి నెత్తిన రెండు, చంకన ఒకటి, మూడు బిందెలు ఒకేసారి మోసుకొచ్చి, చిలుకమ్మ ఇంట్లో రెండు, మొహం తిప్పుకున్న ఆమె ఇంట్లో ఒకటి పోసింది. గెలిచినా మోసింది. ఆ పని ఏ పుస్తకంలోనూ ఎవరూ అచ్చు వెయ్యరు.

పదమూడో తేదీన ట్యాంకర్ తిరిగి వచ్చింది. తాగునీటి బోరు మంజూరు కాగితం కూడా కదిలింది. పదకొండు బోర్లకూ పైపు చుట్టూ తవ్వి, రాతిపొడి తీసేసి, రేగడి ముద్దలతో మళ్లీ మూయాలని ఇరవై నాలుగున ఆర్డరు వచ్చింది. పర్యవేక్షణ: రాజేశ్వర్ రావు. తప్పు చేసినవాడే దిద్దడానికి పెద్ద! సువార్తమ్మ పేరు ఉండాల్సిన చోట ఏముందో చూశాను. 'కూలీ, ఆడ, ఒకరు.' పదమూడేళ్లు, అరవై మూడు బోర్లు, ఒక ఊరి తాగునీళ్లు, 'ఆడ, ఒకరు.' ఆ కాగితం ఆఫీసు గోడ మీదే చింపబోయాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"చింపితే నీళ్లొస్తయా మామా? ముద్దలకు రేగడి మంచిగ దొరుకతదా లేదా, నాకు అదే ఫికర్."

"నీకు కోపం రాదానే?"

"ఎందుకు రాదు? ఈసారి కుప్పలు నేను కొలుస్త, గంపలు నేను చెప్త, అట్లయితేనే జీపెక్కుత అన్న. సారు సరే అన్నడు. కొమురెల్లి సాక్షి." ఆ వెంటనే, "గా పుస్తకమో గిస్తకమో నాకెందుకు" అంది. అప్పటికి ఆ పుస్తకం ఇంకా రాలేదు, అచ్చుకు పోయిందని విన్నాం, అంతే. వచ్చాక ఆమెకు చూపించలేదు, ఆమె ఊళ్లో లేదు. ఆమెకు అక్కర్లేదేమో. నాకు కావాలి. అందుకే రాశాను.

ఏప్రిల్ ఇరవై ఏడు, సోమవారం పొద్దున ఆమె జీపెక్కింది. వెనక సీటులో రేగడి మట్టి బస్తాలు, ముడుల తాడు. బోరుకు మూడు రోజుల చొప్పున పదకొండు బోర్లు ముగించుకుని మే ముప్పైన వస్తారని ఆఫీసు కాగితం మీద ఉంది. దానియేలుకు ఆమె వేరే చెప్పి వెళ్లింది: ముద్దలు నీడలో ఆరడానికి బోరుకొక రోజు కాగితంలో లేదు, జీపు చెడిపోయే రెండు రోజులు కూడా లేవు. మే ముప్పై వచ్చింది, పోయింది, జీపు రాలేదు. నేను ఆఫీసు కాగితం చూడటం 1978లోనే మానేశాను. ఆ పదమూడు రోజులూ కలిపి సువార్తమ్మ చెప్పిన తేదీ జూన్ పన్నెండు, రాబోయే శుక్రవారం.